పార్లమెంటు గ్యాలరీలో భూదవ్వ అడిగిన మాట

ఢిల్లీ పోయి వచ్చావు కదా, ఎర్రకోట ఎట్లా ఉంది అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. కుతుబ్ మినార్ కూడా చూడలేదు. నేను చూసింది పార్లమెంటు ఒక్కటే. అదీ పై గ్యాలరీలో బెంచీ మీద కూర్చుని కాసేపు, ఆ తర్వాత అదే భవనంలో ఒక చిన్న గదిలో, తలుపు దగ్గర కాపలా ఉండగా, సాయంత్రం దాకా. ఢిల్లీ చూడని మా వైపు వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకని ఎక్కడైనా మాట పరుషంగా వస్తే సర్దుకోండి.

కువైట్ మీద ఇరాక్ దండెత్తిన ఏడు, వానాకాలంలో జరిగిన సంగతి. నేను శ్రీరాంపూర్‌లో మెస్ నడుపుతాను. బొగ్గుబావుల్లో పనిచేసే పెళ్లికాని పిల్లలు, పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చిన పెద్దవాళ్లు నా దగ్గర రెండు పూటలా తింటారు. ఆ ఏడు కందిపప్పు కొట్టుకు పోయిన ప్రతిసారీ ఒక కొత్త ధర చెప్పేవారు. నూనె సంగతి ఇంకా దారుణం. కిరోసిన్ అయితే ధర మాట తర్వాత, అసలు దొరికేది కాదు. పప్పు పలచనైందని తినేవాళ్లు గిన్నెలో గరిటె తిప్పి చూపించేవారు. వాళ్ల జీతాలు పెరగలేదు కాబట్టి నేను రేటు పెంచలేను. నీళ్లు పెంచాను, ఏం చేయను.

మంచిర్యాలలో మా మహిళా సంఘం ఉంది. దాని పెద్ద సావిత్రక్క, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పార్లమెంటులో ధరల మీద చర్చ పెడుతున్నారని, అన్ని రాష్ట్రాల ఆడవాళ్లూ పోయి వినతిపత్రం ఇస్తున్నారని, మన తరఫున ముగ్గురం పోదామని ఆమె అంది. ఒక పార్లమెంటు సభ్యుణ్ణి పట్టుకుని గ్యాలరీ పాసులు కూడా మాట్లాడింది. ఆయన పేరు రాయను. మా వైపు జిల్లాలవాడు కాదని మాత్రం చెబుతాను. ఆమె, నేను ఇద్దరం. మూడో మనిషిగా ఎవరిని తీసుకుపోవాలో నేనే చెప్పాను.

సుల్తానాబాద్

భూదవ్వ మా చిన్నమ్మ బిడ్డ. ఇల్లు రైసు మిల్లుల వెనుక సందులో. ఆమె భర్త మల్లేశం సిరిసిల్లలో సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పెళ్లికి ముందు నుంచీ పనిచేసేవాడు. నూలు ధర పెరిగిందని సేటు కూలి కోసేవాడు. నూలు ధర తగ్గిందని కూలి పెంచిన రోజు మాత్రం ఎన్నడూ లేదు. ఆ బతుకు విసిగి కువైట్ పోయాడు, బిల్డింగు పనికి. యుద్ధం వచ్చి పడ్డాక అతని దగ్గర నుంచి ఉత్తరం లేదు, ఫోను లేదు, మనిషి ద్వారా కబురు లేదు.

నేను పోయేసరికి ఆమె చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఢిల్లీ మాట చెబితే చేతులు ఆగాయి. ధరల గురించి నేను ఎంత చెప్పినా వినలేదు.

"ఢిల్లీల సర్కారు ఉంటది గదక్కా," అంది. "కువైట్ల ఎవలున్నరో ఎవల్లేరో ఆళ్లకు ఎరుకుంటది. అడిగొస్త."

నేను అవునన్నాను. నాకూ అట్లాగే అనిపించింది మరి. అంత పెద్ద సర్కారు, అన్ని దేశాల్లో ఆఫీసులు, జెండాలు, కార్లు. ఒక మనిషి బతికి ఉన్నాడో లేడో చెప్పలేదా? అత్త దగ్గర బిడ్డను వదిలి, కొత్త మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, రుబ్బి గారెలు చేసుకుని ఆమె నా వెంట బయలుదేరింది. నూనె కొద్దిగానే ఉందని గారెలు చిన్నవి చేసింది.

కాగజ్‌నగర్

మంచిర్యాలలో సావిత్రక్కతో కలిసి ఢిల్లీ బండి ఎక్కాం. కాగజ్‌నగర్‌లో వాన మొదలైంది. ఒక ముసలామె తలమీద గోనెసంచి కప్పుకుని, కిటికీల పక్కన ఉడకబెట్టిన పల్లీలు అమ్ముకుంటూ వచ్చింది. ఆ వైపు వాళ్ల మాటలో మరాఠీ కలిసి ఉంటుంది, ఆడవాళ్లను బాయి అని పిలుస్తారు. రూపాయి పల్లీలు తీసుకుంటే చేతిలో గుప్పెడు కూడా రాలేదు. ఇదేం కొలత అని నేను దెబ్బలాటకు దిగాను. అన్నం అమ్ముకునేదాన్ని, కొలతలు నాకూ తెలుసు.

ఆమె ఏమీ దాచలేదు. ధర పెంచితే ఎవరూ కొనడం లేదని, అందుకని ధర అట్లాగే ఉంచి డబ్బా చిన్నది చేశానని చెప్పింది. ఒళ్లు మండి ఇంకో మాట అనబోయాను గానీ నా మెస్‌లో పప్పు గుర్తొచ్చింది. ఇంకో రూపాయి ఇచ్చి ఇంకో డబ్బా తీసుకున్నాను.

నాగ్‌పూర్ దాటాక

నాగ్‌పూర్‌లో ఎక్కిన ఒక పెద్దమనిషి మా ఎదుటి సీటులో కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఇంగ్లీషు పేపరు. భోజనం వేళకు పూరీల డబ్బా తెరిచి, మూత అడ్డం పెట్టుకుని తిన్నాడు. మా వైపు పక్క మనిషికి చూపించకుండా తినడం ఎవరికీ చేతకాదు. భూదవ్వ గారెల మూట విప్పి ముందు ఆయనకే ఇచ్చింది. ఆయన రెండు తిని బాగున్నాయన్నాడు, ఎక్కడికి పోతున్నారని అడిగాడు. సుల్తానాబాద్‌లో ఉర్దూ వినబడుతూనే ఉంటుంది కాబట్టి భూదవ్వకు హిందీ అర్థమవుతుంది, పొడిపొడిగా మాట్లాడుతుంది కూడా. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

దానికి ఆయన పేపరు మడిచి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. మన దేశం మాటకు ప్రపంచంలో విలువ ఉందట. రెండు వైపులా స్నేహం చెడకుండా చూసుకోవాలట. పైసల కోసం సముద్రం దాటి పోయినవాళ్లు కష్టం వచ్చినప్పుడు సర్కారు మీద పడి ఏడవడం న్యాయం కాదట. నేను ఆయనకు జవాబు చెప్పబోతే సావిత్రక్క నా మోకాలు నొక్కింది. భూదవ్వ మిగిలిన గారెలు మూట కట్టి పైన పెట్టింది. ఆయన దిగేదాకా మళ్లీ విప్పలేదు. నాకు అది చాలా నచ్చింది.

ఢిల్లీ

ఒక సత్రంలో మాకు చోటు ఇచ్చారు. అన్ని రాష్ట్రాల ఆడవాళ్లూ హాలులో వరసగా చాపలు పరుచుకున్నారు. భాషలు కలవలేదు గానీ, ఒకామె వేళ్లు చూపించి చక్కెర అంటే ఇంకొకామె చేతులు ఎత్తి నూనె అనేది. అందరికీ అర్థమైపోయేది. ఢిల్లీలో నాకు మింగుడుపడనిది నీళ్లు. వీధుల్లో తోపుడు బండి మీద నీళ్లు గ్లాసు లెక్కన అమ్ముతారు. మా వైపు ఎండలో వచ్చినవాడికి నీళ్లు ఇచ్చి, తాగేదాకా నిలబడి, ఇంకా కావాలా అని అడుగుతాం. ఇక్కడ పైసలిచ్చి గ్లాసు అందుకోవాల్సి వచ్చింది. దేశ రాజధానిలో దాహానికి కూడా ధర కట్టారని ఆ బండి దగ్గరే నిలబడి తిట్టాను. బండివాడికి తెలుగు రాదు కాబట్టి నవ్వాడు.

మరునాడు ఊరేగింపుగా పోయాం. పోలీసులు దూరంగానే ఆపేశారు. ఒక అధికారి వచ్చి కొందరి దగ్గర కాగితాలు తీసుకుని పోయాడు. మాకు ఇంకో ఏర్పాటు ఉందని సావిత్రక్క ధైర్యంగా ఉంది. పాసులిచ్చిన సభ్యుడు గ్యాలరీ చూశాక మమ్మల్ని ఒక మంత్రి దగ్గరికి తీసుకుపోతానన్నాడట. మంత్రి చేతికి స్వయంగా ఇస్తే ఆ విలువ వేరని ఆమె నమ్మకం. రాత్రంతా ఆయనతో ఏం చెప్పాలో హిందీలో వల్లె వేసుకుంది.

పార్లమెంటు

లోపలికి పోవాలంటే ఎన్ని చోట్ల వెతికారో చెప్పలేను. సంచులు, చిల్లర పైసలు, చివరికి గారెల మూట కూడా బయట పెట్టించారు. గ్యాలరీలో ఎట్లా కూర్చోవాలో ఒక మనిషి వచ్చి చెప్పాడు. ముందుకు వంగొద్దు, కాలు మీద కాలు వేయొద్దు, గుసగుసలు పెట్టొద్దు, కునుకు తీయొద్దు. బడిపిల్లల మాదిరి సరే అన్నాం.

కింద చూస్తే నాకు ముందు కనిపించినవి ఖాళీ బెంచీలు. ధరల మీద చర్చ అని మేము రెండు రోజులు బండిలో కూర్చుని వచ్చాం. సభ్యులు పక్క గదుల నుంచి రాలేకపోయారు. ఒక సభ్యుడు కాగితాలు చూసి ఇంగ్లీషులో చదువుతున్నాడు. వెనుక ఇద్దరు కబుర్లు చెప్పుకుంటున్నారు. ఇంకొకాయన లేచి హిందీలో మొదలుపెట్టాడు. ఉల్లిగడ్డల ధర గురించి ఇంట్లో భార్య తనను ఎట్లా సాధిస్తోందో చెప్పాడు. అటువైపు వాళ్లు, ఇటువైపు వాళ్లు అందరూ నవ్వారు. ఆ నవ్వు వినడానికా నేను శ్రీరాంపూర్ నుంచి వచ్చింది? మాకు గుసగుసలాడటానికి కూడా వీల్లేదు, కాబట్టి పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను.

ఆ చర్చ ముగిసిందో ఆపేశారో తెలియదు. గల్ఫ్ సంగతి మొదలైంది. అంతే, బెంచీలు నిండాయి. నిద్రపోతున్నట్టున్న హాలు ఒక్కసారి వేడెక్కింది. మన విదేశాంగ విధానం వల్ల దేశం పరువు పోయిందని ఇటువాళ్లు, పెరిగిందని అటువాళ్లు. ఎవరి పక్షం వహించాలి, ఎవరిని ఖండించాలి, ఏ దేశం వాడు ఏమనుకుంటాడు. వేళ్లు చూపించుకున్నారు, బల్లలు చరిచారు. అక్కడ చిక్కుకున్న మనవాళ్ల మాట మధ్యలో ఒకసారి వచ్చింది, ఒక పెద్ద అంకెగా. ఆ అంకె తప్పని ఇంకొకాయన లేచాడు. కాసేపు ఆ అంకె మీద దెబ్బలాడుకుని మళ్లీ పరువు దగ్గరికే పోయారు.

భూదవ్వ పెదాలు కదలకుండా నన్ను అడిగింది, "మనోళ్ల ముచ్చట చెప్పిండ్రా?"

లేదన్నట్టు తల ఊపాను.

ఆమె లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. ఊళ్లో పెద్దమనుషుల ముందు మాట్లాడినట్టు నిదానంగా, కానీ అంతా వినబడేట్టు అడిగింది.

"అయ్యా, మా ఆయన మల్లేశం కువైట్ల ఉన్నడు. బతికున్నడా లేడా, గా ఒక్క మాట జర చెప్పుండ్రి."

కింద అరుపులు ఆగిపోయాయి. ఏ నినాదమో అనుకుని చాలామంది తలలు ఎత్తి చూశారు. వాళ్లకు భాష తెలియదు, వాళ్లను అనను. కానీ మూడో వరసలో ఒకాయన, పంచె కట్టు చూస్తేనే మన రాష్ట్రం మనిషని తెలుస్తోంది, తల ఎత్తాడు. ఆయనకు ప్రతి మాటా అర్థమైంది. ఆ సంగతి మొహంలో కనిపించింది. భూదవ్వ ఆయన్నే చూస్తూ ఉంది, ఈయన చెబుతాడన్న ఆశతో. ఆయన మెల్లగా తల దించి తన ముందున్న కాగితాలు చూసుకున్నాడు.

అప్పటికే ఇద్దరు కాపలావాళ్లు వచ్చి ఆమె రెక్క పట్టుకున్నారు. వాళ్లకు ఆమె ఒక్కతే కావాలి. నేను కూడా లేచి నన్నూ తీసుకుపొమ్మన్నాను. సావిత్రక్క లేవలేదు.

ఆ గది

మమ్మల్ని కూర్చోబెట్టిన గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు. ఒక అధికారి వచ్చి మీకు ఈ అరుపు నేర్పింది ఎవరు, ఏ పార్టీ వాళ్లు అని హిందీలో గుచ్చి గుచ్చి అడిగాడు. భూదవ్వ ఎవరూ నేర్పలేదని చెప్పింది. తాను అరవలేదని, అడిగిందని కూడా చెప్పింది. అడగడానికి ఇది చోటు కాదన్నాడు. మరి ఏది చోటని ఆమె అడిగితే ఆయన నా వైపు తిరిగి, ఈమెకు సర్దిచెప్పమన్నాడు. నేను సర్దిచెప్పలేదు. ఆమె అడిగిన మాట అక్కడి రాతల్లో ఎక్కుతుందా అని అడిగాను. గ్యాలరీలో వాళ్ల మాటలు రాయరట. ఉల్లిగడ్డల మీద నవ్వింది రాస్తారు, ఇది రాయరు.

మాకు కాపలా ఉన్న ఆడ పోలీసు హర్యానా మనిషి. అధికారి పోయాక, తన తమ్ముడు కూడా కువైట్ వైపే డ్రైవరుగా ఉన్నాడని, తమ ఇంటికీ ఏ కబురూ లేదని చెప్పింది. లోపలి క్యాంటీన్ నుంచి మాకు టీ, పూరీలు, పప్పు తెప్పించింది. ఎంతయిందని అడిగితే ఆమె చెప్పిన ధర విని నేను మళ్లీ అడిగాను. బయట బండి మీద ఒట్టి టీ కన్నా తక్కువ. పప్పు చిక్కగా ఉంది, పూరీలు నూనెలో మునిగి తేలినవి. ధరల మీద మాట్లాడేవాళ్లు తినే తిండి అది. నా చేతి పప్పు తినే బావి పనివాళ్లు గుర్తొచ్చి పళ్లెం పక్కకు నెట్టాను. భూదవ్వ మాత్రం అంతా తినేసింది. పొద్దుటి నుంచి ఆకలి మీద ఉంది మరి.

సభ లేచిపోయాక, ఇంకెప్పుడూ ఇట్లా చేయొద్దని చెప్పి వదిలేశారు. బయట సావిత్రక్క ఎదురుచూస్తోంది. పాసులిచ్చిన సభ్యుడు ఆమెను నానా మాటలు అన్నాడట. మంత్రిని కలవడం లేదు. "ఇన్ని ఊళ్ల ఆడోళ్ల పని చెడగొట్టినవ్ పిల్లా," అంది. భూదవ్వ తల వంచుకుంది. నాకు సావిత్రక్క మీద కూడా కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె బాధ కూడా అబద్ధం కాదు. ఆ వినతిపత్రం మీద సంతకాల కోసం ఆమె ఎండలో వానలో ఇల్లిల్లూ తిరిగింది. చివరికి దాన్ని సత్రం మేనేజరు పోస్టులో వేస్తానన్నాడు. వేశాడో లేదో.

బల్లార్షా

తిరుగు ప్రయాణంలో సావిత్రక్క మా ఇద్దరికీ దూరంగా కిటికీ దగ్గర కూర్చుంది. బల్లార్షాలో ఐదారుగురు మగవాళ్లు మా బోగీలోకి ఎక్కారు. గడ్డాలు పెరిగి, చొక్కాలు మాసి, ఒక్కొక్కరి భుజం మీద ఒకే రకం బూడిదరంగు దుప్పటి. పెట్టెలు, సంచులు ఏమీ లేవు. వాళ్ల మాట వినగానే మా వైపు వాళ్లని తెలిసింది. కువైట్ నుంచి ఇరాక్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరి, అక్కడ ఎడారిలో డేరాల్లో పడి ఉండి, విమానంలో బొంబాయి వచ్చి, ఇప్పుడు ఇళ్లకు పోతున్నారు.

భూదవ్వ వాళ్ల ముందు పోయి నిలబడింది. మల్లేశం పేరు, కంపెనీ పేరు చెప్పింది. మెట్‌పల్లి అతను ఒకడు ఆలోచించి, పేర్లు తెలియవు గానీ సుల్తానాబాద్ వాళ్లు నలుగురు తమ పక్క డేరాలోనే ఉన్నారన్నాడు.

"అండ్ల ఒకనికి చెవు సరిగ ఇనవడదు. మామూలు ముచ్చట గూడ లొల్లి పెట్టినట్టే మాట్లాడుతడు," అన్నాడు. "నీళ్ల లైన్ల ఆని గొంతు ఇనవడ్డదంటే నీళ్లొచ్చినట్టే, గదే మాకు గడియారం."

సాంచెల చప్పుడులో ఏళ్లకేళ్లు పనిచేసినవాళ్లకు చెవులు పోతాయి. మల్లేశం గుసగుస చెబితే పక్కింటికి వినబడుతుంది. భూదవ్వ నడిమి దారిలోనే కింద కూలబడింది. ఏడుస్తుందనుకుని నేను దగ్గరికి పోతే, నవ్వుతోంది. బతికే ఉన్నాడు, జ్వరం ఉన్నా తిరుగుతున్నాడు, వెనుక విమానంలో వస్తాడు అని అతను చెబుతుంటే మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. సావిత్రక్క వచ్చి ఆమె తల నిమిరింది. పార్లమెంటు బయట కోప్పడ్డాక ఆమె భూదవ్వను తాకడం అదే మొదటిసారి.

ఆ మనుషులను విమానాల్లో తెచ్చింది సర్కారే. కాదనను. కానీ ఆ డేరాల్లో ఎవరున్నారో ఒక్క మనిషి ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది? దేశం పరువు గురించి అంతసేపు కొట్లాడినవాళ్లలో ఒక్కరికీ తోచని జవాబు, దుప్పటి తప్ప ఏమీ మిగలని మనిషి బల్లార్షాలో బండి కదలకముందే చెప్పాడు.

మళ్లీ సుల్తానాబాద్

దసరా లోపల మల్లేశం వచ్చాడు. సగం అయిపోయాడు. ఊరు ఊరంతా చూడటానికి వచ్చింది. ఒక నాయకుడు వచ్చి, తాము గట్టిగా మాట్లాడటం వల్లనే మీరంతా క్షేమంగా వచ్చారని చెప్పి, వచ్చినవాళ్ల మెడల్లో దండలు వేసి పోయాడు. మల్లేశానికి సగం వినబడలేదు, నవ్వుతూ దండ వేయించుకున్నాడు.

అతను మళ్లీ సిరిసిల్ల పోయి సాంచెల మీద చేరాడు. కూలి అప్పటిదే. ఈలోగా యుద్ధం పేరు చెప్పి పెట్రోలు ధర పెంచారు. దాని పేరు చెప్పి లారీలవాళ్లు, లారీల పేరు చెప్పి కిరాణావాళ్లు పెంచారు. నేను కూడా మెస్ రేటు పెంచక తప్పలేదు. నలుగురైదుగురు మానేసి సొంతంగా వండుకోవడం మొదలుపెట్టారు. ధరల మీద ఒక రోజు, విదేశాల మీద ఒక రోజు అని పార్లమెంటులో విడదీసి మాట్లాడుకుంటే వాళ్లకు సాగుతుందేమో. మల్లేశం ఇంట్లో అవి రెండూ ఒకే పళ్లెంలో వచ్చి పడ్డాయి.

యుద్ధం ముగిసిన కొన్ని నెలలకు పాత ఏజెంటు మళ్లీ సుల్తానాబాద్ వచ్చాడు. కూలిన భవనాలన్నీ కట్టాలి, పని బోలెడు ఉందన్నాడు. మల్లేశం ఒప్పుకున్నాడని తెలిసి నేను పరుగున పోయాను. చచ్చి బతికి వచ్చినవాడివి, మళ్లీ ఎట్లా పోతావని గట్టిగా అడిగాను. గట్టిగానే అడగాలి కదా అతన్ని.

"గా డేరాల నీళ్ల కోసం లైన్ల నిలబడ్డప్పుడు మళ్ల ఈ దిక్కు రావొద్దనుకున్న అక్కా," అన్నాడు. "ఈడికొచ్చి బియ్యం కోసం లైన్ల నిలబడ్డంక గది మర్చిపోయిన."

పెద్దపల్లి స్టేషన్‌లో అతన్ని బొంబాయి దారి పట్టించాం. బిడ్డను ఎత్తుకుని భూదవ్వ బండి వెంట కొంత దూరం నడిచి ఆగిపోయింది. నేను దగ్గరికి పోయాను.

"ఈసారి ఏమన్నయితే ఎవలనడగాలె అక్కా?" అంది.

ఢిల్లీ దాకా తీసుకుపోయినదాన్ని నేనే కాబట్టి నా మొహంలోకే చూస్తూ నిలబడింది. నేను బిడ్డను అందుకుని, ముందు నడిచాను.